మడి కట్టుకున్న పేపర్ కప్పు

టీ కొట్టు ముందు ‘ప్లాస్టిక్ వాడం’ అని బోర్డు. అది ఫ్లెక్సీ మీద అచ్చేయించారనుకోండి, అది వేరే సంగతి. గాజు గ్లాసు అడిగితే మాత్రం నలుగురూ వింతగా చూస్తారు. గ్లాసు ఎంగిలి, పేపర్ కప్పు మడి!

ఆ మడి కప్పు తాగేశాక అతుకు దగ్గర చింపి, లోపలివైపు గోటితో గీరి చూడండి. పల్చటి పొర లేస్తుంది. అది పాలిథీన్. ఆ పొరే లేకపోతే కాగితం నాని టీ చొక్కా మీదికి దిగుతుంది. అంటే మనం తాగుతున్నది కాగితం పట్టుబట్ట కట్టుకున్న ప్లాస్టిక్‌లో.

ఖరగ్‌పూర్ ఐఐటీవాళ్లు ఇలాంటి కప్పుల్లో 85-90 డిగ్రీల వేడినీళ్లు 100 మి.లీ. పోసి పావుగంట ఉంచితే, సుమారు 25,000 మైక్రోప్లాస్టిక్ రేణువులు తేలాయి. ‘‘పావుగంట ఎవడుంచుతాడండీ, నాలుగు గుటకల్లో లాగించేస్తాం’’ అంటారు టీ ప్రియులు. సరే, మరి సాంబారు సంగతి? పొగలు కక్కుతుండగానే కవర్లో పోసి, బుడగలా ఉబ్బించి, రబ్బరు బ్యాండు మెలేసి ఇస్తాడు హోటలాయన. ఇల్లు చేరేదాకా ట్రాఫిక్‌లో ఆ రెండింటికీ ముప్పావుగంట కాపురం.

ఈ రేణువులు ఒంట్లోకెళ్లాక ఏం చేస్తాయంటారా? ఇటలీ వైద్యులు మెడ ధమనుల్లో పేరుకున్న కొవ్వుపూడిక తీసి చూస్తే 257 మందిలో 150 మందికి అందులో పాలిథీన్ దొరికింది. ఇది 2024 నాటి మాట. అలా ప్లాస్టిక్ దొరికినవాళ్లకు దాదాపు మూడేళ్లలో గుండెపోటో, పక్షవాతమో, మరణమో వచ్చే ముప్పు మిగతావాళ్లకన్నా నాలుగున్నర రెట్లు కనిపించింది. ప్లాస్టికే కారణమని వాళ్లు తేల్చలేదు. అంతే, మనవాళ్లకు హుషారొచ్చింది. ‘‘రుజువు కాలేదుగా!’’ అంటూ ఇంకో టీ చెప్తారు. రుజువయ్యేదాకా సొంత గుండెనే ప్రయోగానికిచ్చిన దానకర్ణులు!

భయపెట్టేవాళ్లూ తక్కువ తినలేదు. వారానికో క్రెడిట్ కార్డంత ప్లాస్టిక్ మింగుతున్నామని 2019లో ఓ లెక్క వచ్చింది. అది మరీ ఎక్కువ కట్టిన లెక్కని తర్వాతి పరిశోధకులు చెప్పినా, వాట్సాప్ బాబాయిలు ఆపలేదు. ఆ వెనకే ‘ఒంట్లో ప్లాస్టిక్ కడిగేసే’ పొడి లింకు. పొడి వచ్చేది ప్లాస్టిక్ డబ్బాలోనే.

2022 జూలై 1న ప్లాస్టిక్ కప్పులను దేశమంతా నిషేధించినా పూత పూసిన పేపర్ కప్పు తప్పించుకుంది. తమిళనాడు దాన్ని 2019లోనే నిషేధించింది. మన ప్రభుత్వాలు మేలుకునేదాకా కొట్టాయనతో మీరే పేచీ పెట్టుకోండి: ‘‘గాజు గ్లాసే ఇవ్వు బాబాయ్, నా ముందే వేడినీళ్లతో కడుగు’’ అని. టీ కాచే చోట వేడినీళ్లకు కరువుండదు.