వంతు ఇచ్చే పెట్టె

నా ఒంట్లోని నాలుగు రిలేలూ కాలిపోయిన స్టెబిలైజర్లలోంచి తీసినవి. స్విచ్చులు గుమ్మాలకు బిగించే కాలింగ్ బెల్ స్విచ్చులు. ఒళ్లు పాత రేడియో పెట్టెది. మూతకు నాలుగు రంధ్రాలు చేసి, నాలుగు బల్బులు బిగించి, వాటి మీద ఎరుపు, పచ్చ, పసుపు, నీలం కాగితాలు అంటించారు. పక్కనే నల్లగా ఇంకో స్విచ్చు ఉంది. దాన్ని రీసెట్ అంటారు. క్విజ్ పోటీల్లో ఎవరు ముందు నొక్కారో తేల్చే బజర్‌ని నేను. వడ్డాదిలో నన్ను బల్బుల పెట్టె అంటారు.

నేను పుట్టింది వడ్డాది జంక్షన్‌లో, ఒక టీవీ రిపేరు షాపులో. భీమిలి నుంచి నర్సీపట్నం పోయే రోడ్డు మా ముందు నుంచే పోతుంది. మాడుగుల మీదుగా పాడేరు ఎక్కే బస్సులు ఇక్కడే మలుపు తిరుగుతాయి. ఒకపక్క పెద్దేరు, ఒకపక్క చెరకు తోటలు, కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడి. ఊళ్లో కరెంటు ఎప్పుడు పడిపోతుందో, ఎప్పుడు ఎగదన్నుతుందో తెలియని రోజులవి. టీవీ కొన్నవాళ్లు స్టెబిలైజరూ కొనుక్కునేవాళ్లు. టీవీని కాపాడబోయి అది కాలిపోయేది. అలా కాలినవాటిలో బతికి ఉన్న రిలేలన్నీ నన్ను చేసినాయన ఒక అట్టపెట్టెలో దాచేవాడు.

నా పుట్టుకకు కారణం 2000 జులై 3న స్టార్ ప్లస్‌లో మొదలైన కౌన్ బనేగా కరోడ్‌పతి. అమితాబ్ బచ్చన్ ఎదుట ఒక మనిషి కూర్చుంటాడు. ఒక ప్రశ్న, నాలుగు జవాబులు. ఇంగ్లండులో 1998లో పుట్టిన ఆట అది. రెండేళ్లలో మా జంక్షన్ దాకా వచ్చేసింది. రాత్రి తొమ్మిదయ్యేసరికి షాపు ముందు పాతికమంది చేరేవారు. వాళ్లలో హిందీ వచ్చినవాళ్లు ఇద్దరో ముగ్గురో. హైస్కూల్లో సోషల్ చెప్పే మాస్టారు ఒకాయన బల్ల చివర కూర్చుని, తెర మీద ప్రశ్న పడగానే తెలుగులో చెప్పేవారు. ఆయన చెప్పడం పూర్తయ్యేసరికి తెర మీద జవాబు వచ్చేసేది. జనం ఉసూరుమనేవారు.

“మనకి జవాబు తెలీక కాదు మాస్టారూ, వంతు రాక” అన్నాడొకాయన ఒక రాత్రి. చెరకు బండి ఆపుకొని చూస్తున్నవాడు.

ఆ మాట మాస్టారిని పట్టుకుంది. మర్నాడు పొద్దున్నే షాపుకొచ్చి, “నలుగురు నొక్కితే ముందు నొక్కినవాడి దీపమే వెలగాలి. చెయ్యగలవా?” అని అడిగారు. దూరదర్శన్‌లో 1985లో మొదలైన క్విజ్ టైమ్ చూసిన మనిషి ఆయన. అందులో ప్రశ్నలడిగిన సిద్ధార్థ బసే తర్వాత కరోడ్‌పతిని నిర్మించాడని ఆయనకు తెలుసు. ప్రశ్నల ఆటకు ప్రాణం డబ్బు సంచీలో లేదని, బల్ల మీది స్విచ్చులో ఉందని ఆయన నమ్మకం.

నన్ను చేసినాయన రెండు రోజులు నా మీద కూర్చున్నాడు. లోపలి కిటుకు ఇది. రిలే అంటే కరెంటు అందగానే ఎగిరి దారి మార్చే మీట. కరెంటు నాలుగు రిలేల గుండా వరసగా నడిచి స్విచ్చుల దగ్గరికి వస్తుంది. ఎవరు నొక్కినా వాళ్ల రిలే ఎగిరి, స్విచ్చులకు పోయే దారిని తెంపేస్తుంది. తనకు కావలసిన కరెంటును మాత్రం తనే పట్టుకుంటుంది. ఆ తర్వాత మిగతా ముగ్గురూ ఎంత నొక్కినా దీపం వెలగదు.

మొదటిసారి నొక్కినప్పుడు నేను టకటకటకమని కొట్టుకున్నాను.

“ఏటి, పెట్టిలోన ఈగలు దూరాయా?” అన్నారెవరో.

ఈగలు కాదు. రిలే ఎగిరినప్పుడు పాత దారి తెగడానికీ కొత్త దారి అందడానికీ మధ్య రెప్పపాటు ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో ఊపిరాడక రిలే పడిపోయేది, మళ్లీ ఎగిరేది, మళ్లీ పడిపోయేది. ఆయన చాలాసేపు చెవి ఆనించి విని, ప్రతి రిలే పక్కనా ఒక కెపాసిటర్ అతికాడు. అది కాస్త కరెంటు దాచుకుని ఆ రెప్పపాటు దాటిస్తుంది. మళ్లీ నొక్కాడు. టక్కుమని ఒకే శబ్దం, ఒకే దీపం. నేను పుట్టింది ఆ శబ్దంతోనే అనుకుంటాను.

మొదటి పోటీకి నాలుగు ఊళ్ల పిల్లలు వచ్చారు. గెలిచినవాళ్లకు మాడుగుల హల్వా. ప్రశ్నలన్నీ మాస్టారే రాశారు. రాజధానులూ, రాజులూ ఉన్నాయి గానీ సగం ప్రశ్నలు మా చుట్టుపక్కల నేలలోంచి తవ్వినవే. పసుపు దీపం జట్టులో ముగ్గురు మగపిల్లలు, ఒక ఆడపిల్ల. స్విచ్చు మగపిల్లల ముందే ఉంది. ఆ గుంట బల్ల చివర ఒదిగి కూర్చుంది. తొమ్మిది ప్రశ్నలయ్యేదాకా ఆ పిల్ల గొంతు ఎవరూ వినలేదు.

పదో ప్రశ్న: “బెల్లం వండేటప్పుడు, చెరకు రసంలో మురికి పైకి తేలడానికి ఏం కలుపుతారు?”

నాలుగు బల్లల దగ్గరా నిశ్శబ్దం. ఇంతలో ముగ్గురి చేతుల మీదుగా ఒక సన్నటి చెయ్యి చాచుకొని వచ్చి నా స్విచ్చు నొక్కింది. దాని గోళ్లలో ఇంకా బూడిద ఉంది. పసుపు దీపం వెలిగింది. “పొరపాటున తగిలిందండీ” అన్నాడు పక్క కుర్రాడు.

“దీపం వెలిగింది కదా. అమ్మాయిని చెప్పనియ్యండి” అన్నారు మాస్టారు.

“సున్నపు తేట” అంది.

ఆ పిల్ల ఎవరి కూతురో, ఏ ఊరిదో, ఎంత చదువుతుందో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా ఆ చెయ్యి ముందు పడిందని. అందరికీ ముందే తెలిసిన సంగతులన్నీ నాకు తెలియకపోవడమే నా విలువ అని ఆ రోజు అర్థమైంది.

నాలోనూ ఒక లోపం ఉంది. నాలుగైదు పోటీలయ్యాక నన్ను చేసినాయనే దాన్ని పట్టుకున్నాడు. రిలేలు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి గదా. ఇద్దరు సరిగ్గా ఒకే క్షణంలో నొక్కితే వరసలో ముందున్న రిలే వెనకదాని కరెంటు కూడా తెంపేస్తుంది. అంటే ఆ ఇద్దరిలో ఎరుపు ఉంటే, వరసలో మొదటిది కాబట్టి, ఎరుపు జట్టే గెలుస్తుంది. ఎవరూ గమనించలేదు, ఫిర్యాదూ చెయ్యలేదు. అయినా ఆయన మాస్టారి దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ రోజు నుంచి రౌండుకోసారి జట్లు కుర్చీలు మారాలని నియమం పెట్టారు. లోపం నాలో మిగిలే ఉంది. దాని భారం మాత్రం ఒకరి మీదే పడకుండా నలుగురికీ పంచారు.

ఇంకోచోట పోటీకి ముందు ఒక పెద్దమనిషి నన్ను చేసినాయన్ని పక్కకు పిలిచి, తన కొడుకు కూర్చునే కుర్చీకి కాస్త అనుకూలంగా తీగె కట్టమన్నాడు. ఆయన నన్ను గుడ్డలో చుట్టి చంకన పెట్టుకుని ఇంటికి వచ్చేశాడు. ఈ సంగతి విని మాస్టారు అమెరికా కథ ఒకటి చెప్పారు. అక్కడ 1950ల్లో ట్వెంటీ వన్ అనే క్విజ్‌ను దేశమంతా చూసేది. వారాల తరబడి గెలిచిన చార్లెస్ వాన్ డోరెన్ అనే కాలేజీ అధ్యాపకుడు ఇంటింటి హీరో అయ్యాడు. ప్రశ్నలూ జవాబులూ తనకు ముందే అందేవని 1959లో అతనే వాళ్ల ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది ఇలా పోటీలను ముందే తేల్చి పెట్టడం నేరమని చట్టం చేశారు. “జనం డబ్బు పోయిందని బాధపడలేదు. తాము ఇంట్లో కూర్చుని నిజంగా ఆలోచించిన ఆలోచన దొంగలపాలైందని బాధపడ్డారు” అన్నారు మాస్టారు.

పోటీలు లేని రోజుల్లో నా చోటు షాపు అరమర మీద, రిపేరయిన టీవీలకు ఎదురుగా. ఏ టీవీ బాగయినా గంటసేపు నడిపి చూడాలి గదా. అలా పాతికేళ్లుగా ఎన్ని ఆటలు చూశానో! చూసిన ప్రతి ఆటనూ ఒకే ప్రశ్న అడుగుతాను: ఇక్కడ వంతు ఎవరిస్తారు? ఎవరికిస్తారు?

ఈటీవీలో 1996లో మొదలైన పాడుతా తీయగాలో స్విచ్చు లేదు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పిల్లలకు పాడే వంతు ఇచ్చేవారు. తప్పు పాడితే ఆపి, ఆ చోటు తను పాడి వినిపించి, మార్కుల కంటే ముందు పాఠం చెప్పేవారు. ఓడిన పిల్ల కూడా ఏదో నేర్చుకుని వెళ్లేది. స్టార్ మహిళలో యాంకర్ సుమ మధ్యాహ్నం పూట ఇల్లాళ్లకు వంతు ఇచ్చేది. గ్లాసులు పేర్చడం, బెలూన్లు ఊదడం లాంటి ఆటలే. కానీ వంటింటి పని ముగించి షాపు ముందు ఆగిన ఆడవాళ్లు తెర మీద తమలాంటి మనిషి పేరు పెట్టి పిలిపించుకోవడం చూసి కదిలేవారు కాదు. సుమే నడిపిన క్యాష్‌లో జవాబు రాకపోతే ఇంటి సామాను కిందపడి ముక్కలయ్యేది. టీవీ కూడా పడేది. బాగుచేయడమే బతుకైన నన్ను చేసినాయన ఆ చోటు వచ్చినప్పుడు తల తిప్పుకునేవాడు. ఓంకార్ సిక్స్త్ సెన్స్‌లో చదువుతో పని లేదు. ఊహించడమే వంతు. 2017లో తెలుగులోకి వచ్చిన బిగ్ బాస్‌లో వంతు చూసేవాళ్ల చేతికే వెళ్లిపోయింది. ఎవరు ఉండాలో, ఎవరు వెళ్లాలో ఓటు చెబుతుంది. 1999లో నెదర్లాండ్స్‌లో పుట్టిన ఆ ఆటలో ముందు నొక్కినవాడికి విలువ లేదు. ఎక్కువమందికి నచ్చినవాడిదే గెలుపు. అదీ ఒక న్యాయమే. నా న్యాయం మాత్రం వేరు.

నాకు దగ్గర చుట్టం అమెరికాలో ఉంది. 1964లో మొదలైన జెపర్డీ అనే ఆటలో జవాబులాంటి ఆధారం ఇస్తారు. పోటీదారు దాన్ని ప్రశ్న రూపంలో చెప్పాలి. అక్కడ చదవడం పూర్తయి దీపాలు వెలిగేదాకా నొక్కకూడదు. తొందరపడి నొక్కితే పావు సెకను పాటు స్విచ్చు పనిచెయ్యదు. పావు సెకనే! కానీ ఆ లోపల పక్కవాడు అందుకుంటాడు. 2011లో ఐబీఎం వాళ్ల వాట్సన్ అనే కంప్యూటరు ఆ ఆటలో ఇద్దరు మహా విజేతలను ఓడించింది. అది కూడా మనుషుల్లాగే స్విచ్చును నిజంగా నొక్కాలని నియమం పెట్టారట. ఎంత తెలివి ఉన్నా స్విచ్చు ముందు చెయ్యి చాచాల్సిందే.

ఇక 2014 జూన్ 9. మా టీవీలో నాగార్జున మీలో ఎవరు కోటీశ్వరుడు మొదలుపెట్టాడు. షాపులో మాస్టారు యథాప్రకారం బల్ల చివర కూర్చున్నారు. మొదటి ప్రశ్న తెర మీద పడింది. తెలుగులో. ఆయన నోరు తెరవబోయి ఆగిపోయారు. అప్పటికే జనం జవాబులు అరిచేస్తున్నారు. “ఇంక నా పని లేదు” అన్నారు. ఆ గొంతులో బాధ లేదు, పద్నాలుగేళ్లు మోసిన బరువు దింపినట్టుంది. ఆ తర్వాత అదే ఆటను చిరంజీవి నడిపాడు. 2021లో జెమినీ టీవీలో ఎవరు మీలో కోటీశ్వరులు అని పేరు మార్చుకుని జూనియర్ ఎన్టీఆర్ చేతికి వచ్చింది. ఆ ఏడాదే ఒక పోలీసు సబ్ ఇన్‌స్పెక్టర్ కోటి రూపాయలు గెలిచాడు. అక్కడ హాట్ సీటులో కూర్చున్నవాడి వంతును ఎవరూ లాక్కోలేరు. ఆలోచించు, అడుగు, వద్దనుకుంటే గెలిచిందాంతో లేచిపో అంటారు. కానీ ఆ కుర్చీ ఎక్కాలంటే ముందు చేతివేగం పోటీలో నెగ్గాలి. కోటి గెలిచిన చెయ్యి కూడా ముందు నాలాంటి స్విచ్చును దాటి రావలసిందే.

2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా పుట్టింది. ఆ నెలలో జరిగిన చిన్న పోటీలో, “వడ్డాది ఏ జిల్లాలో ఉంది?” అని అడిగారు. నాలుగు చేతులూ ఇంచుమించు ఒక్కసారే పడ్డాయి. నీలం వెలిగింది. “విశాఖపట్నం” అన్నాడు పిల్లవాడు. ఇరవై రెండేళ్లుగా నా ముందు ఒప్పయిన జవాబు ఆ రోజు తప్పయింది. జవాబులు మారతాయని, అడిగే పద్ధతే నిలవాలని నాకు అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత నన్ను ఎవరూ తీయలేదు. మాస్టారు ఇప్పుడు లేరు. మొన్న ఒక బడి పిల్లలు వచ్చి అడిగితే అరమర మీంచి దించారు. కరెంటు ఇచ్చి నొక్కగానే టకటకటక, మళ్లీ ఈగల మోత. కెపాసిటర్లు ఎండిపోయాయి. నన్ను చేసినాయనకు ఇప్పుడు చూపు ఆనదు, చెయ్యి వణుకుతుంది. ఆయన చెవి ఆనించి, ఎక్కడ అతకాలో చెప్పాడు. మనవడు అతికాడు. నాలుగు కొత్త కెపాసిటర్లు, నాలుగు చుక్కల సోల్డరింగు.

మనవడు పచ్చ స్విచ్చు నొక్కాడు. టక్. ఒకే శబ్దం, ఒకే దీపం.

“వెలిగింది తాతా!”

“ప్రశ్నేటి?” అన్నాడాయన.

“ప్రశ్నేం లేదు. ఊరికే నొక్కాను.”

“అయితే రీసెట్ నొక్కు బావూ. నలుగురూ రావాల.”

వాడు నల్ల స్విచ్చు నొక్కాడు. దీపం ఆరిపోయింది. నేను సిద్ధంగా ఉన్నాను.