కందకు లేని దురద

సరుకులు తెచ్చిపెట్టే యాప్‌లో 'కంద' అని కొడితే ఉల్లిపాయలు వస్తున్నాయి. తెలుగులో కొట్టినా అవే, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినా అవే. ఎర్రవి, తెల్లవి, తొక్క తీసినవి, ముక్కలు కోసి డబ్బాలో పెట్టినవి. కంద మాత్రం రాదు. ఏలూరులో కూర్చుని కంద దొరక్క అవస్థపడుతున్నానంటే మా తాతలు పైనుంచి నవ్వుతారు.

అసలే కార్తీకమాసం. మా ఆవిడ ఉల్లి మానేసిన నెలలోనే ఉల్లి గుమ్మం దాకా నడిచొస్తోంది. సంచీ తెచ్చిన కుర్రాణ్ణి, "బాబూ, కంద నువ్వెప్పుడూ తినలేదా?" అని అడిగాను. "ఎందుకు తిన్లేదండీ, మా అమ్మ ఆవపెట్టి వండుద్దండి. బిల్లులో ఆనియన్ అనుంది కదండీ మరి" అన్నాడు. ఫోను చెప్పాక సొంత తెలివి వాడకూడదని వాళ్ల ఉద్యోగధర్మం కాబోలు. లోపల్నుంచి "ఏవండీ, బచ్చలి వడిలిపోతోంది" అని కేక. కంద బచ్చలి లేని గోదావరి పెళ్లిభోజనం ఉంటుందా? బచ్చలి పక్కన ఉల్లిపాయ వేసి కంద అనుకోమంటే ఎవరనుకుంటారు?

సంగతేమిటంటే, ఇంగ్లీషువాడి ఆనియన్ మరాఠీలో 'కాందా'. మహారాష్ట్రలో రోజూ ఎన్ని లక్షల మంది ఆ మాట కొడతారో, ఏలూరు, తాడేపల్లిగూడెం, భీమవరం కలిపి కంద కోసం ఎంతమంది కొడతామో ఫోను లెక్క చూసుకుంది. దీర్ఘం సంగతి దానికి పట్టదు. ఓట్లు ఎటుంటే అర్థం అటే.

ఇంతకీ ఈ కాందా మనకేమీ కొత్త చుట్టం కాదు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌కి మహారాష్ట్ర నుంచి లారీలు వస్తూనే ఉంటాయి. కర్నూలు సరుకూ అక్కడికే వస్తుంది. కర్నూలు రైతు ఎర్రగడ్డ అంటాడు, నాసిక్ లారీ డ్రైవరు కాందా అంటాడు, హమాలీ ఉల్లిపాయ అంటాడు. ముగ్గురి మధ్యా కూర్చున్న గుమస్తా ఏ ఫోనూ చూడకుండా బస్తాలు లెక్కపెడతాడు. కొల్లేటి చేపలూ అంతే. కైకలూరు, ఆకివీడుల్లో ఐసు వేసి లారీ ఎక్కించిన శీలావతి హౌరాలో దిగేసరికి 'రుయి' అయిపోతుంది. బేరం ఆగిందని ఎప్పుడైనా విన్నామా?

మరాఠీవాళ్లకి కాందా ఒట్టి కూరగాయ కూడా కాదు. అటుకులు తడిపి, ఆవాలు, పచ్చిమిర్చి, ఉల్లిముక్కలతో తాలింపేస్తే 'కాందే పోహే'. పెళ్లిచూపులకి వచ్చినవాళ్లకి అదే పెట్టడం రివాజై, చివరికి పెళ్లిచూపులకే ఆ పేరు వచ్చేసింది. ఆ లెక్కన మన పెళ్లిచూపుల్ని బజ్జీ కాఫీ అనాలి. అయినా అమ్మాయి చేత ఆ పూట ఉల్లిపాయలు తరిగించడం ఎంత ప్రమాదం! కళ్లెర్రగా, ముక్కు చీదుకుంటూ వచ్చి నిలబడితే, "అమ్మాయికి ఈ సంబంధం ఇష్టం లేనట్టుంది" అని అబ్బాయి మేనత్త అననే అంటుంది. ఉల్లి కోస్తే ఏడుపు ఎలా వస్తుందో కనిపెట్టిన జపాను శాస్త్రవేత్తలకి 2013లో నవ్వు పుట్టించే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ ఇచ్చారు. ఆ కాగితం మధ్యవర్తి జేబులో ఉంచుకోవడం మంచిది.

అదే వంటకాన్ని మన యాప్ తెలివితో తిరగేసి 'కంద అటుకులు' చేశారనుకోండి. కందలో కాల్షియం ఆక్సలేట్ సూదుల్లా ఉంటుంది. చింతపండు పడకపోయినా, సరిగ్గా ఉడక్కపోయినా గొంతు పట్టేస్తుంది. రెండు చెంచాలు తినగానే అబ్బాయి తండ్రి ఎత్తబోయిన కట్నం మాట గొంతులోనే ఆగిపోతుంది. మేనత్త మంచినీళ్లు అడగడానికే సైగలు చెయ్యాలి. ఈ రకంగా చూస్తే తప్పు అనువాదం సంఘసంస్కరణ కిందికి వస్తుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు గానీ, ఆ పూట దురద అవసరమే.

నిజానికి కందా, కాందా రెండూ ఒక గూటివే. సంస్కృతంలో కంద అంటే దుంప. ఆ పేరు మనం ఏనుగుపాదమంత దుంపకిచ్చుకున్నాం, మరాఠీవాళ్లు ఉల్లికిచ్చుకున్నారు. మన కందని వాళ్లు 'సూరణ్' అంటారు. దానిలో పేరుమోసిన రకం 'గజేంద్ర' కొవ్వూరు ఉద్యాన పరిశోధన స్థానంలో తయారై దేశమంతా పాకింది. 2022లో జిల్లాలు పంచినప్పుడు కొవ్వూరు తూర్పుగోదావరికి పోయింది. కంద పేరేమో యాప్‌లో మహారాష్ట్రకి పోయింది. ఏం మిగిలిందయ్యా మనకి?

ఈ చిరాకంతా ఉల్లి మీద చూపించబోయి ఆగాను. 2023 డిసెంబరులో కేంద్రం ఎగుమతులు నిలిపేస్తే నాసిక్ వైపు రైతులు రోడ్డెక్కారు. 2025లో కర్నూలు ఉల్లి ధర పడిపోతే, క్వింటాలుకి 1,200 రూపాయలిచ్చి ప్రభుత్వమే కొంటానంది. కిలో 12 రూపాయలన్నమాట. ఆ ధర వస్తే చాలని ఎదురుచూశారంటే బయట ఎంత పలికిందో ఊహించుకోవచ్చు. వానాకాలపు కర్నూలు ఉల్లిలో నీరెక్కువ, నాసిక్ వేసవి పంటలా నెలల తరబడి నిలవుండదు. వచ్చిన కాడికి అమ్ముకోవాలి, లేదా కుళ్లబెట్టుకోవాలి. యాప్‌లో కోసి డబ్బాలో పెట్టిన ముక్కల ధర మాత్రం ఆ రోజుల్లో కూడా దిగినట్టు నాకు కనిపించలేదు. కాందా అన్నవాడిదీ ఎర్రగడ్డ అన్నవాడిదీ ఒకటే ఏడుపు, దానికి ఉల్లి కొయ్యనక్కర్లేదు.

కంద సంగతి తేలిపోయింది. కావలసినవాళ్లు ఆ యాప్‌లో 'సూరన్' అని కొట్టండి, వెంటనే వస్తుంది. కింద తెలుగులో పేరు కూడా రాసి ఉంటుంది, 'సూరన్' అనే.