ప్రాణహిత గట్టున బోరింగును

మహారాష్ట్రలోని సిరొంచ తాలూకాలో, ప్రాణహితకు దగ్గరలో ఉన్న ఓ తెలుగు వాడలో నిలబడ్డ బోరింగును నేను. గోదావరి దాటితే కాళేశ్వరం. మా పిల్లలు బడిలో మరాఠీ చదివి, నా దగ్గర తెలుగులో పోట్లాడుకుంటారు.

మా వంశానికి మూలం మహారాష్ట్రే. పాత పోత ఇనుప పంపులు ఒక్కో ఇంటి వాడకానికి చేసినవి. ఊరంతా కొట్టేసరికి విరిగిపోయేవి. అందుకే 1970లలో షోలాపూర్ ఉక్కు పంపును ఆధారం చేసుకుని, యూనిసెఫ్ తోడ్పాటుతో ఇండియా మార్క్-2 తయారైంది. నేను ఆ రకమే.

ప్రాణహిత, గోదావరి కలిసేచోట నీళ్లకేం కరువంటారు చూడనివాళ్లు. ఎండాకాలం ఆడవాళ్లు ఇసుకలో చెలిమె తోడి, ఊట ఊరేదాకా కూర్చుని, గిన్నెతో ముంచి బిందె నింపేవాళ్లు. వానలు పడితే తాగాల్సింది బురదనీళ్లే. పసివాళ్లకు విరేచనాలు పట్టుకునేవి. తల్లి నీళ్లకు పోతే ఆడపిల్ల బడి మానేసి తమ్ముణ్ణి ఎత్తుకునేది. నేనొచ్చాక ఆ పిల్లలు బడికి పోవడం చూశాను. నాకు అంతకన్నా సంతోషం లేదు.

మా బోర్లు నారికురుపును తరమడంలోనూ పాలుపంచుకున్నాయి. మెట్లబావుల్లో, కుంటల్లో దిగి ముంచుకున్న నీళ్లతో వచ్చే ఆ జబ్బు ఒకప్పుడు మహారాష్ట్రలోనూ, ఆంధ్రలోనూ ఉండేది. 2000లో భారతదేశానికి దాని నుంచి విముక్తి లభించినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

2022 జులై వరదలో నేను మునిగాను. నీరు తీశాక ఆశా కార్యకర్త ఎవరినీ తాగనివ్వలేదు. బోరులో బ్లీచింగ్ ద్రావణం పోయించి, కొన్ని గంటలు ఆగి, మందు వాసన పోయేదాకా కొట్టించి పారబోయించింది. అప్పుడే బిందెలు పెట్టనిచ్చింది. శుభ్రమైన నీళ్లంటే ఇంత పని ఉంటుంది.

2019లో ప్రకటించిన జల్ జీవన్ మిషన్ లక్ష్యం ఇంటింటికీ కుళాయి, మనిషికి రోజుకు 55 లీటర్లు. రావాలి, మనసారా కోరుకుంటున్నాను. కానీ కుళాయి వచ్చినా, కరెంటు లేని రోజున అందరూ నా దగ్గరికే వస్తారు. నా లోపలి వాషర్లు అరిగితే గొట్టాలన్నీ పైకి లాగాలి. మెకానిక్ వచ్చేదాకా ఆడవాళ్లు మళ్లీ చెలిమెకే పోతారు. నన్ను రోజూ కొట్టేది వాళ్లే, నా చప్పుడు మారితే ముందు పసిగట్టేదీ వాళ్లే. పంచాయతీ పెద్దలారా, మరమ్మతు నేర్పించి, పాన వాళ్ల చేతికివ్వండి. నా గద్దె చుట్టూ మురుగు నిలవకుండా చూడండి.