తెడ్డుకు తగిన మనిషి

కోలార్ బంగారు గనుల ఊరిగాంలో కూర్చుని పడవ తెడ్ల మీద సలహాలేమిటని అడగొచ్చు. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేని జిల్లా మాది. అయినా నంది కొండల్లో పుట్టిన పాలారు మీద బేతమంగళం చెరువు ఉంది. ఒకప్పుడు గనులకూ గని కాలనీలకూ నీళ్ళు పంపిన చెరువది. వాన కలిసొచ్చిన ఏడు నిండుతుంది. అది నిండితే చాలు, పిల్లకాయలు ఫోన్లలో కయాక్‌ల ధరలు చూస్తారు. పడవ సంగతి ఎవరైనా చెబుతారు గాని తెడ్డు సంగతి చెప్పే పెద్దదిక్కు లేదు. అందుకే నేను పూనుకున్నాను.

అన్నిటికన్నా ముందు ఒకటి. తెడ్డు మనిషికి సరిపోవాలన్నది సుకుమారుల మాట. మనిషే తెడ్డుకు సరిపోవాలి. ఇది నా సొంత సిద్ధాంతం కాదు, మా ఊరి ఆనవాయితీ. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది మొదలు 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేదాకా, ఏ పనిముట్టూ పనివాడి కొలతలు అడిగి తయారు కాలేదు. ఛాంపియన్ రీఫ్ గనిలో మూడు కిలోమీటర్లకు పైగా లోతున, బండ వేడి 60 డిగ్రీలు దాటే చోట, డ్రిల్లు అదిరితే భుజమే సర్దుకుంది. దుమ్ము లేస్తే ఊపిరితిత్తులు సర్దుకున్నాయి. సర్దుకోలేకపోయిన వాటికి డాక్టర్లు సిలికోసిస్ అని పేరు పెట్టారు. ఇంత అనుభవమున్న ఊరికి ఒక ప్లాస్టిక్ తెడ్డు లెక్కా?

పొడుగు విషయానికి వద్దాం. కూర్చున్నప్పుడు మీ మొండెం ఎత్తెంత, పడవ వెడల్పెంత అని చూసుకుని, మామూలుగా 210 నుంచి 240 సెంటీమీటర్ల లోపు ఎంచుకోమంటారు తెలిసినవాళ్ళు. మీరు డిస్కౌంటు చూసి ఎంచుకోండి. పొట్టిదైతే నీళ్ళు అందక ప్రతిసారీ పక్కకు ఒరుగుతారు, నడుముకు మంచిది. మరీ పొడుగైతే పడవ ముందుకు పోయే బదులు అటూ ఇటూ ముక్కు తిప్పుతుంది, చెరువు నాలుగు పక్కలా చూసినట్టుంటుంది. గ్రీన్‌లాండ్‌లో ఇన్యూట్ వేటగాళ్ళకు ఒక పాత లెక్క ఉంది: బారెడు మీద మూరెడు. ఎవరి బార వాళ్ళది, ఎవరి మూర వాళ్ళది. రెక్క వెడల్పు కూడా తన గుప్పిటికి అందినంతే. ఈ లెక్కన అన్న తెడ్డు తమ్ముడికి పనికిరాదు. ఇంటికొకటి కొని బావమరిది దాకా వాడుకునే మనకు ఇదేం పద్ధతి? మూర మనకూ ఉంది గాని, దాన్ని మల్లెపూలకు అట్టిపెట్టుకుందాం.

బరువైనదే కొనండి. కార్బన్ తెడ్డు 700 గ్రాములుంటే, అల్యూమినియం కాడా ప్లాస్టిక్ రెక్కలూ ఉన్నది కిలో దాటుతుంది. తేడా 300 గ్రాములే అనుకున్నా, నిమిషానికి 50 సార్లు తెడ్డు వేస్తే గంటకు 3,000 సార్లు, అంటే 900 కిలోలు ఊరికే ఎత్తి దించినట్టు. జిమ్ముకు నెలనెలా కట్టే డబ్బు మిగిలింది కదా!

రెక్క ఎంత పెద్దదైతే అంత మేలు. అమెరికాలో బెత్లెహెం ఉక్కు కర్మాగారంలో ఫ్రెడరిక్ టేలర్ అనే ఆయన (మా గనుల టేలర్ వేరు) పారల మీద పరీక్షలు చేసి, పారకు తొమ్మిదిన్నర కిలోల దాకా ఎత్తితేనే రోజంతా పని సాగుతుందని తేల్చాడు. బరువైన ఖనిజానికి చిన్న పార, తేలిక బూడిదకు పెద్ద పార ఇచ్చాడు. తెడ్డుకూ ఇదే న్యాయమట. ఎక్కువ దూరం పోయేవాడికి చిన్న రెక్కే భుజాన్ని కాపాడుతుందట. ఆయన పనివాళ్ళు సాయంత్రం దాకా పని చెయ్యాలి. మీకేం, పది నిమిషాల్లో ఫొటో అయిపోతుంది.

రెక్క ఒక అంచు పొడుగ్గా, ఇంకో అంచు పొట్టిగా ఉంటే కంపెనీవాడు వంకరగా కోశాడని తిరిగి పంపెయ్యండి. తెడ్డు నీళ్ళలోకి ఏటవాలుగా దిగుతుంది గనుక, కాడకు రెండు వైపులా నీటి ఒత్తిడి సమంగా ఉండి చేతిలో మెలి తిరగకూడదని అట్లా చేస్తారట. పొడుగు అంచు పైకి, గుంట ఉన్న ముఖం మన వైపుకు ఉండాలట. తలకిందులుగా పట్టుకోండి, తెడ్డుతో కుస్తీ పట్టినట్టుంటుంది.

రెండు రెక్కలనూ ఒకదానికొకటి ఏటవాలుగా తిప్పుకునే వీలు చాలా తెడ్లకు ఉంది. ఎదురుగాలికి పై రెక్క అడ్డం పడకుండా పెట్టిన ఏర్పాటది. మీరు గాలి లేని రోజున కూడా 60 డిగ్రీల దగ్గర బిగించేయండి. తెడ్డు వేసిన ప్రతిసారీ మణికట్టు మెలి తిరగాలి. కాడను పిడికిలి తెల్లబడేలా పట్టుకోండి. వేళ్ళు వదులుగా ఉంచి, మణికట్టు నిటారుగా పెట్టి, మొండెం తిప్పుతూ లాగమనే వాళ్ళ మాట వినకండి. మొండెం తిరిగితే వీపు కండరాలు కూడా పనిలోకి దిగుతాయి. చేతులు ఉండగా వీపును ఎందుకు శ్రమపెట్టాలి?

లైఫ్ జాకెట్ గురించి ఒక్క మాట. అది వేసుకుంటే పొట్ట కనిపిస్తుంది.

ఇవన్నీ పాటించాక మణికట్టు వాచినా, భుజం పైకి లేవకపోయినా తెడ్డును మాత్రం తిట్టకండి. అనుమానాలుంటే వచ్చి అడగండి. నేను చెరువు కట్ట మీదే ఉంటాను. పడవ ఎక్కను, నాకు ఈత రాదు.