తాడు పట్టిన బావమరిది

పొద్దున తీగ మీద జారడం, మధ్యాహ్నం నాలుగు చక్రాల బండి మీద బురదలో తిరగడం, నడుమ భోజనం. అన్నిటికీ కలిపి ఒకటే టికెట్టు. ఇప్పుడు సాహసమంటే ఇది. నంద్యాలలో పెండ్లయిన పిల్లలు తిరుపతికి పోయొచ్చిన వెంటనే ఏదో ఒక దీవికి విమానం ఎక్కుతున్నారు. అండమాన్ అంటారు, బాలి అంటారు, మారిషస్ అంటారు. యాడికి పోయినా తిరిగొచ్చి చూపించే ఫోటోలు మాత్రం ఒకటే తీరు. నెత్తిన హెల్మెట్, నడుముకు పట్టీలు, కాళ్ళ కింద లోయ. కింద ఉన్నది ఏ ఊరో, ఎవరి చేనో, ఆ కొండ పేరేమో అడిగితే ఒక్కరికీ తెలీదు.

మా మనవడు, వాని పెండ్లాం పోయింది మారిషస్‌కు. ఆ దీవి దక్షిణాన ఒకటిన్నర కిలోమీటరు పొడవున్న తీగ ఉంది. వీళ్ళు ఎక్కింది అది కాదు, ఇంకా చిన్నది. ఎట్లా జారుతారప్పా అని అడిగితే వాడు ఓపికగా చెప్పినాడు. ఉక్కు తీగను ఒక కొన ఎత్తులో, ఇంకో కొన పల్లంలో బిగిస్తారు. తీగ మీద కప్పీ నడుస్తుంది. నడుముకూ తొడలకూ కట్టిన పట్టీలను కొక్కెంతో ఆ కప్పీకి తగిలిస్తారు. ఇంక ఎవరూ నెట్టక్కర్లేదు, మన ఒంటి బరువే మనల్ని లాక్కుపోతుంది. చివర్లో బ్రేకు. మధ్యాహ్నం తిరిగే ఏటీవీ అంటే నాలుగు లావు టైర్ల బండి. కాళ్ళు చెరోపక్క వేసి కూర్చొని బొటనవేలితో మీట నొక్కితే కదులుతుంది. టైర్లలో గాలి తక్కువగా పెడతారు, అందుకే రాళ్ళమీదా బురదలోనూ పట్టు జారదు. పనితనం బాగుంది. పట్టీలు, హెల్మెట్లు ఉండాల్సినవే. నా కొట్లాట వాటితో కాదు.

నా కొట్లాట కాగితంతో. ఎక్కే ముందు ఒక కాగితం చేతికిచ్చి సంతకం పెట్టమన్నారంట. అంతా ఇంగ్లీషు, చీమతలకాయంత అక్షరాలు. కాలు విరిగినా ప్రాణం పోయినా మాకు సంబంధం లేదని దాని సారం. "అందరూ పెడతారు తాతా, ఎవురూ చదవరు" అన్నాడు. నీ నడుముకు పట్టీ బిగించిన పిల్లోని పేరేమని అడిగినా. తెలీదన్నాడు. అవతల కొక్కెం విప్పి దించిన మనిషి ముఖమన్నా గుర్తుందా అంటే అదీ లేదు. వీని ప్రాణం ఎవరి చేతిలో పెట్టినాడో వీనికి తెలీదు, పట్టుకున్నోనికి వీడెవడో తెలీదు. ఇద్దరి మధ్యా ఉన్నది ఆ సంతకం ఒక్కటే.

మా రోజుల్లో నల్లమల అడవిలో తాడు మీద దిగింది అక్కడే బతికే చెంచులు, తేనె కోసం. నేను పిల్లోనిగా ఉన్నప్పుడు మా మేనమామ వెంట గూడేనికి పోయి కండ్లారా చూసినా. కొండ చరియకు, మనిషి చెయ్యి అందని చోట, పెద్ద తేనెపట్టు. చరియ పైన చెట్టు మొదలుకు నార తాడు కట్టినారు. ఆ నార వాళ్ళు అడవిలో ఒలిచి, వాళ్ళ చేతులతో పేనుకున్నదే. దిగే మనిషి తాడును ఒకటికి రెండుసార్లు లాగి చూసుకున్నాడు. బుట్ట భుజానికి తగిలించుకొని అంచు దాటి కిందికి పోయినాడు. కింద పొగ లేస్తా ఉంది, ఈగలు రొద పెడతా ఉన్నాయి. పైన చెట్టు పక్కన ఒకే ఒక మనిషి కూర్చోనున్నాడు. తాడు వాని రెండు అరచేతుల్లో ఉంది. మాట్లాడడు, పక్కకు చూడడు, మమ్మల్ని దగ్గరికి రానీడు. తాడు వదులైతే వాని భుజాలు వదులవుతాయి, తాడు బిగిస్తే వాని మెడ నరాలు లేస్తాయి. ఎవరాయన అని మామను అడిగినా. "దిగినోని బావమరిది" అన్నాడు.

తేనెకు దిగేటప్పుడు తాడు కాడ పెండ్లాం తోడబుట్టినోణ్ణి కూర్చోబెడతారని అప్పుడు తెలిసింది. సొంత అన్నదమ్ములకైనా మనసులో ఏదన్నా ఉండొచ్చు. బావమరిదికి ఉండదు. తాడు తెగితే తాళి తెగేది వాని అక్కదో చెల్లెలిదో. అంతకు మించిన భద్రత ఏ దేశంలో ఎవరు ఏర్పాటు చేసినారో నాకు చూపించండి.

ఓబులం, అంటే అహోబిలం, నరసింహస్వామి చెంచుల ఆడబిడ్డ చెంచులక్ష్మిని పెండ్లాడినాడు గాబట్టి చెంచులు దేవునికే బావమరుదులు. ఇది పుస్తకాల్లో దాచిపెట్టిన కథ కాదు, ఏటేటా జరిగే సంగతి. కనుమ నాడు స్వామి పల్లకి ఎక్కి పార్వేటకు బయల్దేరతాడు. ఆళ్ళగడ్డ చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి, తన పెండ్లికి రమ్మని జనాన్ని పిలుస్తాడు. నలభై రోజులకు పైగా గుడికి తిరిగి రాడు. చెంచులు విల్లు ఎక్కుపెట్టి పల్లకి మీదికి బాణం వేసే తంతు ఉంది. బావతో బావమరుదులు ఆడే సరసం అది. పల్లకి వచ్చిన రోజు ఊరికి అల్లుడొచ్చినంత సందడి.

ఆ స్వామిని చూడటానికి ఆళ్ళగడ్డ నుంచి మేము ఎద్దులబండి కట్టుకొని పోయినోళ్ళం. పాతిక కిలోమీటర్ల దారి. తెల్లారకముందే బయలుదేరితే ఎండ ముదిరేలోగా దిగువ ఓబులం చేరేది. సద్దిమూటలో జొన్నరొట్టెలు, ఎర్రకారం, ఉల్లిగడ్డలు. ఎగువ ఓబులం నుంచి భవనాశి వెంబడి నడక. రాళ్ళమీద కాలు పెట్టేటప్పుడు ముందు నడిచే మనిషి ఏ రాయి మీద పెట్టినాడో చూసి అదే రాయి మీద పెట్టాల. జ్వాలా నరసింహుని గుడికి పోయే మలుపులో పైనుంచి నీళ్ళు నెత్తిన పడతాయి, దారి చరియను ఆనుకొని పోతుంది. ఉగ్రస్తంభమనే కొండకొమ్ము ఎక్కాలంటే ఇంకా గుండె కావాల. చేతులతో రాయిని పట్టుకొని, కాలివేళ్ళతో సందులు వెతుక్కుంటా ఎక్కాల. పైన గాలి మనిషిని నిలబడనీదు.

మా అవ్వను డోలీలో మోసినారు. మోసినోళ్ళు మా ఇంట్లో అందరికీ తెలుసు. వాళ్ళ పేర్లు తెలుసు, వాళ్ళకు ఎంతమంది పిల్లలో తెలుసు, నీళ్ళ దగ్గర దించినప్పుడు మా రొట్టెలే వాళ్ళూ తిన్నారు. దారి పొడుగునా వాళ్ళు చెప్పుకుంటా నడిచినారు. ఈ చెట్టు కాయ తినొచ్చు, ఆ చెట్టు పాలు కంట్లో పడకూడదు, ఈ వంకలో ఎలుగు దిగుతుంది, ఈ బండ మీద నీళ్ళుంటే పట్టు దొరకదు. నాకు అడవి గురించి తెలిసిందంతా ఆ మాటల్లోంచి వచ్చిందే. శ్రీశైలానికి శివరాత్రికి నడిచిపోయే వాళ్ళూ అంతే. ఆత్మకూరు నుంచి నాగలూటి మీదుగా పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం. చెంచులే దారి చూపినారు, కాపలా ఉన్నారు. ఆ దారిన ఇప్పటికీ వేలమంది నడుస్తున్నారు, వాళ్ళకు నా దండం.

భయం కోసమే భయపడాలంటే మాకు మీటరుగేజి బండి ఉండింది. నంద్యాల నుంచి గిద్దలూరు పక్కకు పోయే దారి 1880లలో ఇంగ్లీషోళ్ళు వేసింది. గాజులపల్లె దాటితే అడవి. బొగద, అదే సొరంగం, రాబోతుందనగానే పెద్దోళ్ళు కిటికీలు దించేది, ఆలస్యమైతే బొగ్గుపొగ కండ్లలో కారం కొట్టేది, చీకట్లో పెట్టె అంతా పిల్లల కేకలు. దొరబావి వంతెన మీదికి వచ్చినప్పుడు కిందికి చూస్తే చెట్ల తలకాయలు మాత్రమే అగుపడేవి. 1990లలో పెద్ద పట్టాలు వచ్చినాక ఆ వంతెనను వదిలేసినారు.

మారిషస్ సంగతి ఇంకా మిగిలి ఉంది. నాకు అసలు బాధ అక్కడ.

వీళ్ళను హోటలు నుంచి ఏటీవీల కాడికి తీసుకుపోయిన వ్యాను డ్రైవరు నడివయసు మనిషి. వీళ్ళు తమలో తాము మాట్లాడుకుంటుంటే విని, మీరు తెలుగోళ్ళా అని అడిగినాడంట. మా ముత్తాతలు కోరింగ రేవు నుంచి ఓడలో వచ్చినారు, మా ఇంట్లో సింహాద్రి అప్పన్నను కొలుస్తాం, మా గుడి దారిలోనే ఉంది, ఒక్క నిమిషం దిగి దండం పెట్టుకుంటారా అన్నాడంట. మనవడు అది చెప్తా చెప్తా, "దిగలేదు తాతా, ఏటీవీ స్లాటు పోతుందని" అన్నాడు.

నాకు కడుపు రగిలిపోయింది. సింహాద్రి అప్పన్న ఎవరు? నరసింహుడు. ఓబులం కొండ నీడన పుట్టిన పిల్లోడు, సముద్రాలు దాటిపోయినా మన దేవుణ్ణి గుండెల్లో పెట్టుకొని కాపాడుకున్న వంశపు మనిషి పిలిస్తే, దిగకుండా గుడి ముందు నుంచే పోయినాడు. ఇంటిపేరు అడగలేదు. ఏ ఊరోళ్ళని అడగలేదు.

ఆ ముత్తాతలు సరదాకు పోలేదు. బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం వచ్చినాక చెరుకు తోటల్లో కూలీలు లేక, 1834 నుంచి తెల్లదొరలు మన దేశపోళ్ళను ఒప్పంద కూలీలుగా ఆ దీవికి తోలుకపోయినారు. దాదాపు అయిదు లక్షల మంది పోర్ట్ లూయిస్ రేవులో దిగినారు. వాళ్ళు ఎక్కిన మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆప్రవాసీ ఘాట్ అంటారు, 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మన తెలుగోళ్ళను మోసిన ఓడల్లో ఒకదాని పేరు కోరింగ పాకెట్, 1843లో పోయింది. వాళ్ళు కూడా ఒక ఒప్పంద కాగితానికి ఒప్పుకొనే పోయినారు. అందులో ఉన్నదంతా వాళ్ళకూ ఎంతమందికి అర్థమైందో. అయినా ఉగాదిని వదల్లేదు, రామభజన వదల్లేదు. ఆ దేశంలో ఈరోజు ఉగాదికి సర్కారు సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగినాయి. ఆ దీవిలో ఏటీవీలు తిప్పే దారుల పక్కన ఇప్పటికీ చెరుకు తోటలున్నాయి. ఆ తోటల్లో రాళ్ళు ఏరి కుప్పలు పోసింది ఆ కూలీలే. మావాడు ఆ పక్కనే బురద ఎగజిమ్ముకుంటా పోయి, ఫోటో తీసుకొని వచ్చినాడు.

కొండలే కావాలంటే అంత దూరం పోవడమెందుకనేది ఇంకో మాట. మారిషస్‌లో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం 828 మీటర్లు. మన నల్లమలలో 900 మీటర్లు దాటిన కొండలున్నాయి. నంద్యాలలో మేడ ఎక్కి తూర్పుకు చూస్తే వరస కనబడుతుంది. మా వీధిలో పిల్లలు ఎంతమంది ఆ వరసలోకి కాలు పెట్టినారో నాకు తెలుసు, చెప్పుకుంటే బాగుండదు.

ఇప్పుడు టీకొట్ల కాడ ఇంకో మాట వినబడుతోంది. ఓబులంలో కూడా ఆ జారే తీగ, అదే జిప్‌లైన్, కట్టాల, అడవిలో ఏటీవీలు తిప్పాల, అప్పుడే మన పక్కకు జనం వస్తారు అని. విశాఖలో కైలాసగిరి మీద జిప్‌లైన్ కట్టినారు, అది ఊరి నడుమ కొండ, కట్టుకోనీ. అంత సరదా ఉంటే కర్నూలు దారిలో ఓర్వకల్లు రాతివనాలున్నాయి, అక్కడ కట్టండి, నేనే మనవణ్ణి పంపిస్తా. నల్లమలలోకి మాత్రం ఆ బండ్లను రానీయొద్దు. 1983 నుంచి అది పులుల అభయారణ్యం, దేశంలోని పులుల అభయారణ్యాల్లో విస్తీర్ణంలో అన్నిటికన్నా పెద్దది. లావు టైరు తిరిగిన చోట గడ్డి వేరుతో సహా లేస్తుంది, మొదటి వానకే పైమన్ను వంకలో కలుస్తుంది. ఆ ఇంజను మోతకు దుప్పి నీళ్ళ కాడికి రాదు, దుప్పి రాని చోటికి పులీ రాదు. రాత్రిపూట ఆత్మకూరు, దోర్నాల రోడ్డు మీద బండ్లను ఆపుతున్నది ఎందుకో ఆలోచించండి. ఆ జంతువులకు దారి దాటే తావు మిగల్చడానికి గదా.

అడవిని చూపించే మంచి పద్ధతి ఒకటి ఉండనే ఉంది. బైర్లూటిలో, పచ్చెర్లలో అటవీశాఖ వాళ్ళు క్యాంపులు పెట్టినారు. రాత్రి అక్కడ పండుకొని పొద్దున్నే జీపులో తిరగొచ్చు. చెంచు పిల్లలకు అక్కడ పని దొరుకుతోంది. అట్లాంటివి ఇంకా రావాల, అందులో గూడెపోళ్ళకు ఇంకా పెద్ద వాటా రావాల. దీవిలో గంటసేపటి ఏటీవీకి అడిగినంత ఇచ్చి వచ్చినోళ్ళే ఓబులంలో డోలీ దించినాక వంద రూపాయల కాడ బేరమాడతారు. ఇది నేను చూసినా, చూసి సిగ్గుపడినా. ఇంజనుకు ఇచ్చిన కిరాయి మనిషి భుజానికి ఎందుకు ఇవ్వరు?

మనవనికి ఫోనులో చెప్పినా. సంక్రాంతికి వస్తే కనుమ మధ్యాహ్నమే బెంగళూరు బస్సు ఎక్కొద్దు, రెండు దినాలు సెలవు పెట్టుకో. పార్వేటకు పల్లకి బయల్దేరేది చూడు. మర్నాడు మీ ఇద్దరూ జ్వాలకు నడవండి, నా మోకాళ్ళు రావు. గూడెం నుంచి ఒక మనిషిని తోడు తీసుకోండి, ముందు పేరడగండి, ఆయన ముందు నడిస్తే మీరు వెనక నడవండి. బేరమాడొద్దు, ఎంతంటే అంత ఇవ్వండి. ఆ మారిషస్ డ్రైవరు నంబరు వ్యాను రసీదు మీద ఉందంట. ఉగాది నాడు ఆయనకు ఫోను చెయ్యమని కూడా చెప్పినా.