పెట్టె మారితే పాపం పోతుంది

సుంకాలు తగ్గించుకోవడం ఎలాగో లోకానికి నేర్పిన పెద్ద దేశాలకు ముందుగా ఒక దండం. 1947లో జెనీవాలో 23 దేశాలు, మనతో కలిపి, గాట్ అనే వాణిజ్య ఒప్పందం రాసుకున్నాయి. ఎనిమిది విడతల బేరాలు ముగిసేసరికి ఫ్యాక్టరీ సరుకుల మీద సంపన్న దేశాల సుంకం సగటున నాలుగు శాతం దరికి దిగొచ్చింది. మెచ్చుకోవాల్సిందే.

పేదవాడు నేసే బట్ట, పండించే పంట మాత్రం ఆ మెప్పులోకి రావు. 1961లో నూలు బట్టల దిగుమతులకు "ఒక్క ఏడాదికే" అంటూ పరిమితులు పెట్టారు. పేర్లు మార్చుకుంటూ సాగిన ఆ ఏడాది 2004 డిసెంబరు 31న ముగిసింది! వ్యవసాయం విషయంలో అమెరికా ఆ మాత్రం మొహమాటమైనా పడలేదు. 1955లో గాట్ నుంచి మినహాయింపు రాయించుకుంది. గడువా? రాయలేదు.

1994లో మరాకేష్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో) ఒప్పందాల మీద సంతకాలయ్యాక పంటలకూ నిబంధనలొచ్చాయి. సబ్సిడీలకు రంగుల పెట్టెలు చేశారు. అంబర్ బాక్సులో ఉంటే తప్పు, తగ్గించుకోవాలి. గ్రీన్ బాక్సులోకి చేరితే ఎంతైనా ఇచ్చుకోవచ్చు. రైతు అతడే, ఖజానా అదే. పెట్టె మారితే పాపం పోతుంది, కాశీ దాకా వెళ్లక్కర్లేదు.

మన పెట్టె లెక్క వేరు. వడ్ల మద్దతు ధరను 1986–88 నాటి అంతర్జాతీయ ధరతో పోల్చి, తేడా అంతా సబ్సిడీ అంటారు. అది పంట విలువలో పది శాతం దాటకూడదు. నిజామాబాద్ రైతు ఈ ఏటి డీజిలు పోసి, ఈ ఏటి కూలి ఇచ్చి పండిస్తాడు. జెనీవా పద్దులో ధర మాత్రం ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పటిది.

అసలు కళ పత్తిలో చూడాలి. అమెరికా పత్తి సబ్సిడీల మీద బ్రెజిల్ 2002లో డబ్ల్యూటీవోకెక్కింది. గెలిచింది. అప్పీలులోనూ గెలిచి, 2009లో ప్రతీకార చర్యలకు అనుమతీ తెచ్చుకుంది. ఓడినవాడు సబ్సిడీ ఆపాలి కదా అంటారు అమాయకులు. అమెరికా 2010లో బ్రెజిల్ పత్తి రైతుల నిధికి ఏటా 14.73 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. తన రైతుకు ఇచ్చేది మానలేక పొరుగు రైతుకూ జీతం కట్టింది! 2014లో మరో 30 కోట్లిచ్చి కేసు మూయించింది.

అదే పత్తి పండించే బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలీలకు బెదిరించే శక్తి లేదు కాబట్టి వేడుకున్నాయి. 2003లో కాన్‌కున్ డబ్ల్యూటీవో సమావేశపు ముసాయిదా ఇచ్చిన జవాబు: పత్తి మీద ఆధారపడ్డ దేశాలు ఇతర రంగాలవైపు మళ్లేలా సాయం చూద్దాం. టెక్సాస్ రైతుకు ఆ సలహా ఎవరూ ఇవ్వలేదు.

తీర్పుల బెడద మరీ ఎక్కువైందని అమెరికా డబ్ల్యూటీవో అప్పీలు జడ్జీల నియామకాలను అడ్డుకుంది. 2019 డిసెంబరు నుంచి ఆ బెంచి పనిచేయడం లేదు. ఓడినవాళ్లు అప్పీలు పడేస్తే చాలు, విచారణా ఉండదు, అమలూ ఉండదు. మనమూ త్వరగానే నేర్చుకున్నాం. 2021 చివర్లో చక్కెర సబ్సిడీల కేసులో ఓడి, ఆ ఖాళీ బెంచికే అప్పీలు చేసుకున్నాం. ఫిర్యాదు చేసిన మూడు దేశాల్లో ఒకటి ఆ బ్రెజిలే. దానికి మనం చెక్కు రాయాల్సిన అవసరం కూడా పడలేదు.