ఆగడానికి అయిన ఖర్చు

"ఇంకొక్క సామాను తెస్తే అయిపోద్ది సార్."

పొద్దున్నే కాఫీ గ్లాసు చేతిలోకి రాకముందే ఈ ఫోను. కొన్నాళ్ళపాటు మా ఇంట్లో సుప్రభాతం ఇదే. ఆ ఒక్క సామానూ తెస్తాను. పని అవదు. మర్నాటికి ఇంకో ఒక్క సామాను పుట్టుకొస్తుంది. రక్తబీజుడి వంశంవాళ్ళెవరో స్పేర్ పార్టుల వ్యాపారంలోకి దిగారని నా అనుమానం.

నేను చేయించింది రాకెట్ ప్రయోగమేమీ కాదు. 1978 నాటి మార్క్ త్రీ అంబాసిడర్‌కి ముందు చక్రాల డ్రమ్ బ్రేకులు తీసేసి డిస్కులు వేయించడం. "చిన్న పనే సార్, పొద్దున ఇస్తే సాయంత్రం తీసుకెళ్ళిపోవచ్చు" అన్నాడు విజయవాడ ఆటోనగర్ మేస్త్రీ. ఏ సాయంత్రమో మాత్రం చెప్పలేదు.

ఉన్న బ్రేకులకి ఏం రోగం అని అందరూ అడిగారు. ఏ రోగమూ లేదు. 1978లో ఎలా పనిచేశాయో ఇప్పుడూ అచ్చం అలాగే పనిచేస్తున్నాయి. చిక్కంతా అక్కడే. ఆ రోజుల్లో రోడ్డు మీద నా ముందూ అంబాసిడరే, వెనకా అంబాసిడరే, పక్కన ఫియట్టు. అందరివీ డ్రమ్ములే. బ్రేకు తొక్కితే అందరం కలిసికట్టుగా, తలా కాస్త ముందుకి జారి, తాపీగా ఆగేవాళ్ళం. మా మధ్య ఒక అవగాహన ఉండేది. ఇప్పుడు బెంజి సర్కిల్ దగ్గర నా ముందు వెళ్ళే కారు ఉన్నపాటున ఉన్నచోటే ఆగిపోతోంది. కార్ల సంగతి సరే, 125 సీసీ దాటిన కొత్త మోటార్‌సైకిల్ ప్రతిదానికీ 2019 ఏప్రిల్ నుంచి చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉండి తీరాలట. నిన్నగాక మొన్న మీసం మొలిచిన కుర్రాడు రెండు వేళ్ళతో బండి ఆపి, ఫోను తీసి చూసుకుంటున్నాడు. అతని వెనక నేను ఒంటి బరువంతా పెడల్ మీద మోపి, సీట్లోంచి సగం లేచి, స్టీరింగ్ పట్టుకుని వేలాడుతూ, ఇంకా వస్తూనే ఉన్నాను. నా బ్రేకులు పాడవలేదు. ముందువాడి బ్రేకులు బాగుపడ్డాయి. లోకంలో చాలా ఆపదలు ఇలాగే వస్తాయి.

డ్రమ్ములకి వేరే ముచ్చట్లూ ఉన్నాయి. వానకి రోడ్డు మీద నిలిచిన నీళ్ళలోంచి వెళ్తే డ్రమ్ములోకి నీళ్ళు చేరి, కాసేపు బ్రేకు అనేది వట్టి నమ్మకంగా మిగిలిపోతుంది. పెడల్‌ని ఎడం కాలితో సున్నితంగా అదిమి పట్టి, ఆ రాపిడితో తడి ఆరే దాకా నడపాలి. ఘాట్ దిగేటప్పుడు దీనికి విరుద్ధం. తొక్కగా తొక్కగా డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించి దాన్ని లోపల్నుంచి పట్టే షూలకి దూరం జరుగుతుంది, లైనింగ్ పట్టు తప్పుతుంది, పెడల్ పాతాళానికి దిగుతుంది. ఒకప్పుడు సకుటుంబంగా తిరుమల పాత ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు మా కారులో గోవింద నామం ఎక్కేటప్పటికంటే గట్టిగా వినిపించింది. అందరికంటే గట్టిగా అన్నది డ్రైవరు సీట్లో ఉన్నవాడు.

డిస్కులేమైనా నిన్న పుట్టాయా అంటే అదీ కాదు. లాంచెస్టర్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు 1902లోనే వాటికి పేటెంట్ తీసుకున్నాడు. ప్యాడ్లకి రాగి వాడడంతో అవి చెవులు చిల్లులు పడేలా కీచుమనేవి. 1953లో ఫ్రాన్స్‌లో జరిగిన లీ మాన్ పందెంలో జాగ్వార్ సీ-టైప్ డిస్క్ బ్రేకులతోనే గెలిచింది. 1955లో సిట్రోయెన్ డీఎస్ ముందు చక్రాలకి డిస్కులు తగిలించుకుని మామూలు జనం కొనే కారుగా బజారుకొచ్చింది. అంబాసిడర్ ఉత్తరపారా ఫ్యాక్టరీలో పుట్టింది ఆ తర్వాతే. అంటే డిస్కులు లోకంలోకి వచ్చేశాకే మన కారు కళ్ళు తెరిచింది. కానీ ఇద్దరికీ పరిచయం కావడానికి దశాబ్దాలు పట్టింది. చివరి తరం అంబాసిడర్లకి కంపెనీయే ముందు డిస్కులు ఇచ్చింది. 2014లో ఫ్యాక్టరీ మూసేశారు. ఆగడం బాగా నేర్చుకున్నాక పూర్తిగా ఆగిపోయిందన్నమాట.

ఆ చివరి తరం కారు తాలూకు డిస్కు ప్లేట్లూ, వాటిని ప్యాడ్లతో నొక్కి పట్టే క్యాలిపర్లూ సంపాదించి బిగిస్తే సరిపోతుందని మొదటి లెక్క. బిగించాక వచ్చింది మొదటి ఫోను.

డ్రమ్ బ్రేకుల మాస్టర్ సిలిండర్లో ఒక చిన్న వాల్వు ఉంటుందట. కాలు తీశాక కూడా పైపుల్లో కాస్త ఒత్తిడి నిలిపి ఉంచడం దాని ఉద్యోగం. లేకపోతే చక్రాల దగ్గర రబ్బరు కప్పుల పక్కనుంచి గాలి లోపలికి దూరుతుంది. డ్రమ్ములో షూలని వెనక్కి లాగే స్ప్రింగులుంటాయి కాబట్టి ఆ ఒత్తిడి బాధించదు. క్యాలిపర్లో అలాంటి స్ప్రింగుల్లేవు. ఆ మాత్రం ఒత్తిడి మిగిలినా ప్యాడ్లు ప్లేటుని వదలవు. పాత సిలిండరే ఉంచితే కారు ఆగడం మాట దేవుడెరుగు, కదలదు. పైగా పాతదానికి ఒకటే లైను. ఎక్కడ ఒక్కచోట ఆయిల్ కారినా నాలుగు చక్రాలూ ఏకగ్రీవంగా చేతులెత్తేస్తాయి. కనుక రెండు గదుల టాండెం సిలిండర్ కావాలి. తెచ్చాను.

తర్వాత బూస్టరు. డ్రమ్ము తిరుగుతూ తిరుగుతూ షూని తనే లోపలికి లాక్కుంటుంది. మొహమాటపడుతూ వచ్చి, విస్తరి ముందు కూర్చున్నాక ఇక లేవని చుట్టంలా షూ కూడా ఆనుకుందంటే గట్టిగా పట్టేస్తుంది. మనం తొక్కింది కొంతే, మిగతాది అది చూసుకుంటుంది. డిస్కు దగ్గర ఆ మర్యాద లేదు. ఎంత నొక్కితే అంతే. అందుకని ఇంజిన్ దగ్గర పుట్టే వ్యాక్యూమ్ తీసుకుని మన కాలికి బలం కలిపే బూస్టరు కావాలి. అంబాసిడర్ బానెట్ కింద చోటుకి కొదవ లేదు, ఒక చిన్న కాపురం పెట్టొచ్చు. కానీ దాన్ని నిలబెట్టే బ్రాకెట్ ఏ కొట్లోనూ దొరకదు. ఆటోనగర్లో దొరకని వస్తువు తయారవుతుంది. రేకు కోయడానికి ఒక షెడ్డు, వెల్డింగుకి ఇంకొకటి, లేత్ పనికి మరొకటి. ముగ్గురూ పనిమంతులే. ముగ్గురికీ సెలవు రోజులు మాత్రం వేరు వేరు.

ఆ తర్వాత వెనక చక్రాలు. బ్రేకు వేయగానే కారు బరువంతా ముందుకి వాలుతుంది, వెనక తేలికవుతుంది. అప్పుడు వెనక డ్రమ్ములు ముందే బిగుసుకుంటే కారు తోక పక్కకి తిరిగి మనల్నే దాటి ముందుకి రావాలని చూస్తుంది. కనుక వెనక్కి వెళ్ళే ఒత్తిడిని తగ్గించే వాల్వు ఒకటి. తెచ్చాను. తెచ్చిన ప్రతిసారీ మేస్త్రీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదే సార్, ఇది కాదు గానీ ఇలాంటిదే" అనేవాడు.

చక్రాలు విప్పిన రోజున ఇంకో మాట కూడా అడిగాడు: "వీల్ కప్పులు మూడే ఉన్నాయేంటి సార్?"

బ్రేకుల సంగతి కాసేపు పక్కన పెట్టాలి. తప్పదు. అంబాసిడర్‌కి నాలుగు వీల్ కప్పులుంటాయన్నది కంపెనీవాళ్ళ నమ్మకం. ప్రభుత్వ వాహనాల సంగతి నాకు తెలీదు గానీ, సొంత డబ్బుతో కొన్న అంబాసిడర్‌కి నాలుగూ ఉండగా నేను చూడలేదు. గుంతలో పడ్డ మరుక్షణం అది స్వాతంత్ర్యం ప్రకటించుకుంటుంది. ఊడిన కప్పు పోనీ పడి ఊరుకుంటుందా అంటే, ఊరుకోదు. నిలబడి దొర్లుతుంది. ఏలూరు రోడ్డులో నా కప్పు నన్నే ఓవర్‌టేక్ చేసి వెళ్ళడం కళ్ళారా చూశాను. కుడి చక్రానిది, కుడివైపు నుంచే దాటింది, పూర్తిగా నిబంధనల ప్రకారం. దాన్ని పట్టుకోవడానికి యాక్సిలరేటర్ తొక్కాలా, దిగి పరిగెత్తడానికి బ్రేకు తొక్కాలా అని ఒక క్షణం తటపటాయించి బ్రేకే తొక్కాను. అయినా కప్పుకీ నాకూ మధ్య దూరం పెద్దగా పెరగలేదు. అంత గొప్ప బ్రేకులు.

పోయిన కప్పు లోకం విడిచి పోదు. కొన్నాళ్ళకి పాత సామాన్ల కొట్లో ధర కట్టించుకుని గోడకి వేలాడుతూ కనిపిస్తుంది. "ఒరిజినల్ సార్, ఇప్పుడు రావట్లేదు" అన్నాడు కొట్టతను. ఒరిజినలేనని నాకు ఇంకా బాగా తెలుసు. దాని అంచు మీద సొట్ట మా గేటుకి తగిలి పడిందే. ఆ మాట అంటే, "అందుకే సార్ మీకు తగ్గించి ఇస్తన్నా" అన్నాడు. బేరమాడి నా సొత్తు నేనే కొనుక్కుని, బిగించుకుని, నాలుగు కప్పులతో దర్జాగా ఊరేగుతుండగా వారం తిరక్కుండానే ముందు ఎడమది వెళ్ళిపోయింది. నాలుగు కప్పులు ఒక కారు మీద ఏకకాలంలో నిలవడం ప్రకృతికి ఇష్టం లేదని అప్పుడు తేలింది. "ఉన్నవి కూడా తీసి అటక మీద పెట్టేయండి, ఎవరైనా చూడ్డానికొస్తే పెట్టుకోవచ్చు" అంది మా ఆవిడ. మా వీధి చివర మేడ మీద పావురాలకి నీళ్ళు పోసే మెరిసే పళ్ళెం ఒకటుంది. దాని వాలకం మీద నాకు చాలాకాలంగా అనుమానం. పావురాలు సాక్ష్యం చెప్పవు.

సరే, బ్రేకులు.

పాత కార్లంటే ప్రాణమిచ్చే మిత్రుడొకాయన ఉన్నారు. కబురు తెలిసి పరామర్శకి వచ్చారు. "ఒరిజినాలిటీ పోగొట్టుకున్నావు" అని కళ్ళద్దాలు తుడుచుకున్నారు. ఆయన కారుకి ప్రతి బోల్టూ పుట్టినప్పటిదే. అది షెడ్డులో దుప్పటి కింద ఉంటుంది. కదలని కారుకి ఏ బ్రేకులైనా బ్రహ్మాండంగా పనిచేస్తాయి. ప్రభుత్వం కూడా ఆయనంత పట్టుదలగా లేదు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల్లో, యాభై ఏళ్ళు దాటిన బండికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తామన్నారు. చాసిస్, బాడీ, ఇంజిన్లకి పెద్ద మార్పులు చేసి ఉండకూడదన్నారు. బ్రేకుల పేరెత్తలేదు. కాకపోతే అలా నమోదైన బండిని రోజువారీ పనులకి రోడ్డెక్కించకూడదు. యాభై నిండాక గౌరవం ఇచ్చి ఇంట్లో కూర్చోబెడతారన్నమాట. రిటైరైన వాణ్ణి, ఆ పద్ధతి నాకు బాగా అర్థమైంది.

చివరి ఘట్టం ఎయిర్ తీయడం. పైపుల్లో గాలి బుడగ ఉంటే పెడల్ మెత్తగా దిగిపోతుంది. మేస్త్రీ దగ్గరి కుర్రాడు కారు కింద పడుకుని "కొట్టండి... కొట్టండి... పట్టుకోండి... వదలండి" అంటుంటే నేను లోపల కూర్చుని కొట్టి, పట్టుకుని, వదిలాను. చక్రం తర్వాత చక్రం, మళ్ళీ మొదటి నుంచి. మోకాలు నొప్పెడుతోంది మొర్రో అంటే, "బూస్టరుంది గదా సార్" అన్నాడు కింద నుంచి. ఇంజిన్ ఆఫ్‌లో ఉందిరా నాయనా.

పని అయింది. కారు ఆగుతోంది. నమ్మండి, స్కేలుతో గీత గీసినంత తిన్నగా ఆగుతోంది, ఎడమకి లాగడం లేదు. అయితే ఈ ఖర్చులో ఒక అన్యాయముంది. రంగు వేయిస్తే వీధంతా చూస్తుంది. హారన్ మారిస్తే ఊరంతా వింటుంది. సీటు కవర్లు కుట్టిస్తే చుట్టాలు తడిమి చూసి మెచ్చుకుంటారు. బ్రేకులు మారిస్తే ఎదురుగా ఉన్న గోడకి తప్ప ఎవరికీ తెలీదు. ఆ డబ్బుతో పాటల పెట్టె పెట్టించి ఉండొచ్చు కదా అని మా అబ్బాయి ఫోనులో అన్నాడు. మన దేశంలో వేగం కొనేవాడికి దొరికే మర్యాద ఆగడం కొనేవాడికి దొరకదు.

ఒక్క లెక్క మాత్రం రాత్రుళ్ళు కాస్త కలవరపెడుతోంది. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కారు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. డ్రమ్మయినా డిస్కయినా పెడల్ మీద కాలు పడ్డాకే పని మొదలుపెడుతుంది. కన్ను చూడాలి, బుర్ర ఒప్పుకోవాలి, కాలు లేచి పక్కకి జరగాలి. పాతికేళ్ళ వయసులో ఆ వ్యవధి ఉందన్న సంగతే తెలిసేది కాదు. ఇప్పుడు తెలుస్తోంది. డ్రమ్ములున్నన్నాళ్ళూ భయంతో ముందు బండికి దూరంగా ఉండేవాణ్ణి. బ్రేకుల కంటే ఆ భయమే నన్ను ఎక్కువసార్లు కాపాడి ఉంటుంది. డిస్కులొచ్చాక ధైర్యమొచ్చి దగ్గరకి జరుగుతున్నాను. కారుకి బ్రేకులు కొత్తవి వచ్చాయి. కాలు మాత్రం ఆ పాతదే. దానికి ఆటోనగర్లో కూడా సామాను దొరకదు.

కాబట్టి మళ్ళీ పాత దూరమే పాటిస్తున్నాను. ఇక మిగిలింది నా వెనక వచ్చేవాళ్ళు. విజయవాడ వాహనదారులకి ఒక విన్నపం: బందరు రోడ్డు మీద మూడే వీల్ కప్పులున్న తెల్ల అంబాసిడర్ మీ ముందు వెళ్తుంటే దయచేసి కాస్త ఎడంగా రండి. పాత బండి కదా, ఎప్పటికో ఆగుతుందిలే అన్న ధీమా పెట్టుకోకండి. అది ఇప్పుడు ఆగుతోంది.